వెయ్యిన్నూట నలభై ఎనిమిది

నౌపడ గాలికి ఇనుము తినే అలవాటు.
బీరువా తలుపు తీస్తే
ముందు తుప్పు రాలుతుంది, తర్వాతే పుస్తకం.
నేను హిందీ మాస్టారిని.
లైబ్రరీ ఛార్జి నాకెందుకు ఇచ్చారంటే
తాళంచెవి పారేసుకోనివాణ్ణి
స్టాఫులో నేనొక్కణ్ణేనని.

జూన్‌లో అట్టపెట్టెలో ట్యాబు వచ్చింది,
అందులో మాట్లాడే తెలివి వచ్చింది.
పిల్లలూ నేనూ నెల్లాళ్ళు
ఒక్కో అట్టకీ ఫొటో తీశాం.
చెదలు కొరికిన పేరుని సగం చూసి
మిగతా సగం అదే పూరించింది.
ముచ్చటేసింది.
నిజం చెప్పొద్దూ, కొంచెం కడుపు కూడా మండింది.
పదేళ్ళుగా నేను ‘ఇతరములు’ అని రాసి వదిలేసినవాటికి
ఒక్క సాయంత్రంలో గూళ్ళు వెతికిపెట్టింది.

చూపు ఆనని గుంటడు రామినాయుడు
దాన్ని చెవికి ఆనించుకుని కథ విన్నాడు.
ఇన్నాళ్ళూ లైబ్రరీ పీరియడులో
వాడు కిటికీ ఊచలు తడిమి లెక్కపెట్టేవాడు.
తొమ్మిది ఊచలు. నాకూ కంఠతా వచ్చేశాయి.

ధనుజది ఎనిమిదో తరగతి.
నాయినమ్మ అసిరమ్మ ఉప్పు కొటారులో కూలి.
ఓ మంగళవారం ట్యాబు మీదికి వంగి
గొంతు తగ్గించి అడిగింది:
“ఉప్పు పండించీవోళ్ళ మీద పుస్తకం ఏటైనా ఉన్నాదా?”
అది మొదట ‘పప్పు’ అని విన్నది.
రెండోసారి ‘ఒప్పు’.
మూడోసారి పిల్ల పుస్తకాల తెలుగులో అడిగింది,
ఇనస్పెక్షను రోజున
ఇస్త్రీ యూనిఫారం తొడుక్కున్నట్టు.
అప్పుడు తడుముకోకుండా చెప్పింది:
ఉంది. పేరు ‘తెల్లమడి’. నూటపన్నెండు పేజీలు.

మధ్యాహ్నం బెల్లు దాకా వెతికాం.
బీరువా వెనక,
టెక్కలి నుంచి ఎవరో పంపిన విరాళం మూటలో,
సొట్టపడ్డ గ్లోబు కింద.
నంబరు అడిగితే నంబరూ ఇచ్చింది:
వెయ్యిన్నూట నలభై ఎనిమిది.
మా రిజిస్టరు నలభై ఏడు దగ్గర ఆగిపోయింది.

మళ్ళీ అడిగాను, హెడ్మాస్టరు గొంతుతో.
“క్షమించండి, ఆ పుస్తకం ఉన్నట్టు నాకు నిర్ధారణ లేదు” అంది.
ఇంత మర్యాదగా అబద్ధం ఒప్పుకున్నవాళ్ళని
నా సర్వీసులో చూళ్ళేదు.

ట్యాబు మూసేశాను.
ధనుజ మాత్రం నోరు మూయలేదు.
“దాని తప్పేటుంది మాస్టారండీ,
ఎవులూ రాయనేదు కదా, ఎలాగ తెలుస్తాది?
పేరు బాగున్నాది గాని.”

గురువారం వంద పేజీల నోటుబుక్కు తెచ్చింది.
అట్ట మీద ‘తెల్లమడి’.
లోపల, మడిలోకి నీరు ఎప్పుడు కట్టాలో,
మబ్బేస్తే కుప్ప మీద తాటాకు
ఏ పక్కనుంచి కప్పుకు రావాలో,
మేస్త్రీ లెక్కలో ఒక బస్తా ఎలా మాయమవుతుందో,
అరికాలి పగుళ్ళలో ఉప్పు దిగిన రాత్రి
నాయినమ్మ పాదాలు మంచం అవతల పెట్టుకుని
ఎలా పడుకుంటుందో.
ఈ ఆఖరిది ఆవిడ చెప్పలేదట.
పిల్ల చూసింది.

తప్పులు దిద్దమని ట్యాబుకి చూపిస్తే
‘కొటారు’ని ‘కటారు’ చేసింది.
ధనుజ మళ్ళీ కొటారు చేసింది.
అది మళ్ళీ కటారు.
ధనుజ మళ్ళీ.
నేను ఒత్తులూ దీర్ఘాలూ చూసిపెట్టాను.
హిందీ మాస్టారికి అంతకంటే చనువు లేదు.

రిజిస్టరులో కొత్త వరుస గీశాను.
రచయిత గడి దగ్గర పెన్ను ఆగింది.
“నాయినమ్మ పేరు రాసీయండి” అంది.
“నీదో?”
“నాది కింద. చిన్నగ.”

నిన్న రామినాయుడు దాన్ని వింటున్నాడు.
ట్యాబు ఫొటోలు చూసి చదువుతోంది,
ఆడగొంతుతో, రేడియోలో వార్తల్లాగ.
అది కటారు అన్నప్పుడల్లా
వీడు ఊచల మీంచి చెయ్యి తీసి
“కటారు కాదొలే, కొటారు! కొటారనూ!” అని
దాన్ని కసురుతున్నాడు.

నోటుబుక్కులో ఇంకా డెబ్భై పేజీలు ఖాళీ.
బీరువా బందులకి
ఈ ఆదివారమైనా నూనె వెయ్యాలి.